షెడ్డు బల్ల మీది సామాను పంపకం

కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం చిల్లకల్లు గ్రామంలో, హైదరాబాదు రోడ్డు పక్కన ఇల్లూ, ఇంటిని ఆనుకుని ఇంజన్ల షెడ్డూ కలిగి, కీర్తిశేషులు గుడిమెట్ల నరసయ్య గారి పెద్ద కుమారుడినైన గుడిమెట్ల వీరరాఘవయ్య అనే నేను, డెబ్బై దాటిన వయసులో, నా తదనంతరం ఏది ఎవరికి చెందాలో తెలియజేస్తూ నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది.

నా మతి స్థిమితంగా ఉంది. మొన్న రోడ్డు అవతల కుటుంబరావు టీ హోటల్లో కూర్చుని, షెడ్డులో నా దగ్గర పని చేసే రూబెన్ స్టార్టు చేసిన ఇంజన్ చప్పుడు విని, నాజిల్ మూసుకుపోయిందని చెప్పాను. విప్పి చూస్తే నిజమే. కనక మతీ చెవులూ రెండూ పని చేస్తున్నట్టే. ఈ వీలునామా రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. "ఇప్పుడేం తొందరొచ్చింది నాన్నా, అపశకునంలాగా" అని మా అబ్బాయి వద్దని బలవంతపెట్టాడు గాని, అది లెక్కలోకి రాదని జగ్గయ్యపేటలో దస్తావేజులు రాసే ఆశీర్వాదం గారు చెప్పారు.

నమూనా కూడా ఆశీర్వాదం గారే ఇచ్చారు. ఖాళీలు పూరిస్తే చాలన్నారు. ఆ ఖాళీలు చాలా చిన్నవి. నేను నోటితో తక్కువ మాట్లాడే మనిషిని. కాగితం నా ముఖం వైపు చూడదు కనక ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. ఇందులో ఆస్తి కొంచెమే. అసలు కారణం, ఒక మనిషికి నేను చెప్పలేకపోతున్న మాట ఒకటుంది. ఆ మనిషి మా ఊళ్ళో ఉంటున్న రిటైరైన టీచరు దేవమణి గారు. ఆ మాట తొమ్మిదో అంశంలో రాస్తాను. అక్కడికి చేరేలోపు ధైర్యం చిక్కుతుందని మిగతావి ముందు పెట్టుకున్నాను. చదివేవాళ్ళు వరసగా చదవాలి. మా అబ్బాయికి ఏ పుస్తకమైనా చివరినుంచి తెరిచే అలవాటుంది. ఇక్కడ పనికిరాదు.

1. నా స్వార్జితమైన పెంకుటిల్లు, దొడ్డి, ఊరికి పడమర ఉన్న మిరపచేను నా ఏకైక కుమారుడు ఉదయభాస్కర్‌కి చెందుతాయి. వాడు జగ్గయ్యపేటలో సిమెంటు కంపెనీ ఆఫీసులో పని చేస్తూ అక్కడే కాపురం ఉంటున్నాడు. ఇల్లు అద్దెకిచ్చుకున్నా, అమ్ముకున్నా, సర్వహక్కులూ వాడివే. షెడ్డు మాత్రం ఇందులో కలవదు. ఇంటికీ షెడ్డుకీ మధ్య తలుపుకి రెండు వైపులా గొళ్ళాలున్నాయి. ఇంటివైపు గొళ్ళెం వాళ్ళమ్మ అహల్య పెట్టించింది. నేను పిలిచిన వేళకి అన్నానికి రాకపోతే అది బిగించేసేది. చాలాసార్లు షెడ్డులోనే టీ తాగి పడుకున్నాను. అందులో తప్పు ఆవిడది కాదు.

2. మా కోడలు రాగసుధకి, అహల్య ట్రంకు పెట్టెకి వేసే ఇత్తడి తాళంకప్ప. దీనికి తాళంచెవి పెట్టే కంత పైకి కనపడదు. ఎక్కడో ఒక చిన్న పువ్వు బొమ్మని పక్కకి జరపాలి, ఆ తరవాత కింది పట్టీని తిప్పాలి, అప్పుడు కంత బయటపడుతుంది. ఆ పువ్వు ఏదో మా అబ్బాయికి ఇప్పటికీ తెలీదు. రాగసుధ కాపురానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టింది. కనిపెట్టినట్టు ఎవరితోనూ అనలేదు. ఈ మధ్య ఆ అమ్మాయి, "మామయ్యగారూ, ఆదివారానికి ఒక చొక్కా ఇస్త్రీ చేసి పంపనా?" అని అడిగింది. ఆదివారానికే ఎందుకని నేను అడగలేదు. తనూ చెప్పలేదు. చొక్కా మాత్రం వస్తోంది.

అహల్య పోయి పదేళ్ళ పైమాటే. "మీకు దేవుడు మాటలు కాకుండా మరమేకులు ఇచ్చుంటే పొద్దస్తమానం మాట్లాడేవారు" అనేది. ఆవిడ ఉన్నప్పుడు నా తరఫున కూడా ఆవిడే మాట్లాడేసేది కనక నాకు లోటు తెలియలేదు.

3. ఈ అంశంలో పంపకం ఏమీ లేదు. కింద రాయబోయే వస్తువులు నా దగ్గరికి ఎలా వచ్చాయో చెప్పకపోతే తరవాత తగాదాలొస్తాయి.

పొలాలకి కరెంటు మోటార్లొచ్చాక ఆయిల్ ఇంజన్లు తగ్గిపోయాయి. షెడ్డు ఖాళీ అయింది. ఆ రోజుల్లో రెడ్డిగూడెం నుంచి ఒకాయన బస్సులో ఒక చెక్క పట్టుకొచ్చి, "మా అటక మీద దొరికింది బాబాయ్, ఇదేంటో చెప్పు" అన్నాడు. చెక్కకి మూడు ఇనప కొక్కేలు, వెనక ఒక తిప్పుడు కర్ర. బెంచీ నిండా జనం. నాకు మాట రాలేదు. గోనె నార తెచ్చి మూడు కొక్కేలకీ కట్టి, కర్ర తిప్పడం మొదలుపెట్టాను. చూస్తుండగానే తాడు తయారైంది. ఆయన ఆ తాడుతోనే చెక్కని కట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు నా చిన్ననాటి స్నేహితుడు పుల్లయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. "రాఘవ షెడ్డులో ఎవడూ వస్తువు పేరు చెప్పకూడదు. చేతుల్తో చేసి చూపించాలి. నోరు జారినోడు బెంచీ మొత్తానికి టీ పొయ్యాలి." దీన్ని అందరికన్నా ముందు బలపరిచింది టీ హోటలు కుటుంబరావు. రెండో కట్టుబాటు నాది. బల్ల మీదికి ఏ వస్తువొచ్చినా ఇది మనకి తెలిసిందే అని పక్కన పెట్టకూడదు. తెచ్చినవాళ్ళకి అది కొత్తదే అనుకుని పూర్తిగా చేసి చూపించాలి. ఈ రెండో కట్టుబాటు వల్లే నేను అభాసుపాలయ్యాను. అది తొమ్మిదో అంశంలో వస్తుంది.

షెడ్డుకి ఆదివారం సెలవు కనక ఈ చూపించడాలన్నీ ఆదివారమే. చెవిటికల్లు, నందిగామ, అన్ని వైపులనుంచీ తెచ్చేవాళ్ళు. కొందరు తిరిగి తీసుకెళ్ళేవాళ్ళు. చాలామంది, "ఏంటో తెలిసిందిగా, నీ దగ్గరే ఉంచు బాబాయ్" అని వదిలేసేవాళ్ళు.

దేవమణి గారు రిటైరై మా ఊరొచ్చాక షెడ్డుకి రావడం మొదలుపెట్టారు. ఆవిడ నాన్నగారు ఒకప్పుడు నందిగామ వైపు ఒక మిషను బంగళాలో వంట చేసేవారట. దొరలు వెళ్ళిపోతూ ఒక రేకు పెట్టె ఆయనకిచ్చారు. అందులో ఉన్నవి ఎందుకు పనికొస్తాయో ఆయనకీ సగం తెలీదు. ఆవిడ ఆదివారం చర్చి అయ్యాక, ఒక్కో వస్తువు కాగితంలో చుట్టుకుని, గొడుగేసుకుని వచ్చేవారు. ఆవిడ భర్త చాలా కాలం కిందటే పోయారు.

4. నా భార్య తమ్ముడు, నందిగామలో హార్డువేరు కొట్టు పెట్టుకున్న వరప్రసాదరావుకి, నా దగ్గరున్న ఒకే ఒక నిజమైన అడకత్తెర.

కారణం రాస్తున్నాను. రెండు కాళ్ళున్న ఏ వస్తువు బల్ల మీద పెట్టినా మా బావమరిది కట్టుబాటు మర్చిపోయి, "అదీ తెలీదా బావా? అడకత్తెర!" అనేవాడు. దేవమణి గారు తెచ్చిన, మొన మీద చిన్న డబ్బా ఉన్న కత్తెర చూసి అడకత్తెర అన్నాడు. అది కొవ్వొత్తి వత్తి కొస కత్తిరించేది, మసి కింద పడకుండా ఆ డబ్బాలో పడుతుంది. గుర్రం డెక్కలో రాళ్ళు తీసే మడత కొక్కెం చూసి అడకత్తెర అన్నాడు. ఒకసారి రూబెన్ మామూలు పట్టకారు బల్ల మీద మర్చిపోతే దాన్నీ అన్నాడు. షెడ్డులో తాగిన టీలు సగం ఆయన పోయించినవే. నోటిలో వక్క లేని రోజు లేదు ఆ మనిషికి. అయినా అసలుది ఎన్నడూ గుర్తుపట్టలేదు. ఇది దగ్గర పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ఇంకొకటి. విత్తనాలేసే గొర్రు మీద గింజలు పోసే కొయ్యగిన్నె, అదే జడ్డిగం, మా తాతల నాటిది, ఎవరికో చూపించి తెస్తానని పట్టుకెళ్ళాడు. తీసుకురాలేదు. పైగా దాన్ని కొట్టులో తలకిందులుగా వేలాడదీసి, గింజలు దిగే కన్నాల్లో ప్లాస్టిక్ పువ్వులు గుచ్చాడు. నేను నందిగామలో బస్సు దిగితే ఆ కొట్టు కనపడకుండా వెనక వీధిలోంచి వెళుతున్నాను. దాని మీద నా హక్కు ఇందుమూలంగా వదులుకుంటున్నాను. షరతు ఏమంటే, తిన్నగా తిప్పి పెట్టాలి. పువ్వులు ఉంచుకోవాలనుకుంటే వేరే చోట ఉంచుకోవచ్చు.

5. పుల్లయ్యకి, మీసాలు తడవని కప్పు.

ఇది కూడా రేకు పెట్టెలోదే. మామూలు పింగాణీ కప్పే గాని, లోపల అంచుకి ఒక పక్క సగం మూత, ఆ మూతకి ఒక కన్నం. ఎవరికీ అంతు చిక్కలేదు. ఆయిలు ఒలకకుండా పోసేదన్నట్టు రూబెన్ చేసి చూపించాడు. కుటుంబరావు టీపొడి ఆపే జల్లెడన్నట్టు చూపించాడు. నేను దాన్ని ఎన్ని వైపులు తిప్పినా లాభం లేకపోయింది. ఈలోగా గ్లాసులు చాలక పుల్లయ్య తన టీ అందులో పోయించుకుని తాగాడు. పుల్లయ్య టీ తాగితే మీసాలు పిండుకోవడం ఆనవాయితీ. ఆ రోజు కప్పు దించాడు, మీసాలు పొడిగా నిలబడున్నాయి. అందరికంటే ముందు చూసింది దేవమణి గారు. కొంగు నోటికడ్డం పెట్టుకుని వేలితో చూపించారు. దొరగారికి మీసాలుండేవన్నమాట.

పుల్లయ్య భార్య పున్నమ్మకి, దూడ మూతికి కట్టే ముళ్ళ పట్టీ. పాలు మాన్పించాల్సిన దూడకి ఇది కడితే, అది పొదుగు దగ్గరికి వెళ్ళగానే తల్లికి గుచ్చుకుని తన్నుతుంది. దీన్ని చేసి చూపించిన రోజు పుల్లయ్య పట్టీ తన మూతికే కట్టుకుని, చేతులూ మోకాళ్ళూ నేలకానించి, కుటుంబరావుని ఆవుగా నిలబెట్టి వెనకనుంచి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే పున్నమ్మ క్యారేజీ పట్టుకొచ్చింది. చూసింది. క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ తరవాత ఇంట్లో ఏం జరిగిందో పుల్లయ్య చెప్పలేదు, చేసి కూడా చూపించలేదు. పట్టీ ఎప్పుడు వాడాలో పున్నమ్మ విచక్షణకే వదిలిపెడుతున్నాను.

6. నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు నాకన్నా బాగా చేస్తున్న రూబెన్‌కి పానలన్నీ, బేరింగు పుల్లరు, కొలిమి సామాను. షెడ్డు ఎవరి పేరున ఉన్నా ముందు భాగంలో పని చేసుకునే హక్కు అతనిదే.

దంతంలాగా తెల్లగా, సన్నగా, నొక్కితే నోరు తెరుచుకునే చిన్న చెక్క చిమటా కూడా అతనికే. రేకు పెట్టెలోంచి వచ్చిన ఆ చిమటాని నేను తప్పుగా గుర్తించాను. దూడల నోరు తెరిచి మందు పోయడానికని నిక్కచ్చిగా చేసి చూపించాను. చెవిటికల్లు రైతు ఒకాయన అరువు పట్టుకెళ్ళి నిజంగానే దూడకి మందు పోశాడు. పని చేసింది. రూబెన్ దాన్ని రబ్బరు ట్యూబు మూతి సాగదీసి పైపుకి ఎక్కించడానికి వాడుకున్నాడు. దానికీ పని చేసింది. ఏడాది తరవాత దేవమణి గారికి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. దొరసాని తోలు చేతితొడుగులు తడిసి ఆరితే వేళ్ళు బిగుసుకుపోయేవట, వాటిని సాగదీసేదట. తన చెయ్యి ముందుకు చాపి ఒక్కో వేలుకీ చిమటా తొడిగినట్టు చూపించారు. నేను తలూపాను. నాకు ఆ రోజు చిమటా కన్నా చెయ్యే ఎక్కువ గుర్తుంది. ఈ వాక్యం రాయకుండా ఉండాల్సింది. రాసేశాను.

7. నాది కాని వస్తువు గురించి.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పొక్లెయిను తవ్వకంలో, నల్లటి ఇనపది, గుండ్రంగా, పైన బొడిపెతో ఒకటి బయటపడింది. మనవాళ్ళు దాన్ని కడిగి, పసుపు పూసి, కుంకం పెట్టి, వేపచెట్టు కింద నిలబెట్టారు. కొబ్బరికాయలు కొడుతున్నారు. అదేంటో నాకు చూడగానే తెలిసింది. వెనకటి పత్తి కొట్ల కాటా మీద పెట్టే తూకం రాయి. అడుగున పాత అచ్చు కూడా ఉండాలి. నన్ను తీసుకెళ్ళి, "బాబాయ్, నువ్వే చెప్పు, స్వామి వెలిశాడా లేదా?" అని అడిగారు. మాట్లాడని మనిషిని అవడం ఆ ఒక్క రోజు కలిసొచ్చింది. దణ్ణం పెట్టాను. దేవమణి గారు గొడుగు కింద నిలబడి చూస్తున్నారు. ఆవిడకీ తెలిసిపోయింది. ఆవిడ నేల వైపు, నేను ఆకాశం వైపు చూశాం. నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలిసింది.

ఆ రాయి మీద నాకు ఏ హక్కూ లేదు. దాన్ని ఎవరూ తిరగెయ్యకుండా ఉంటే చాలు. మొక్కులు తీరుతున్నాయంటున్నారు.

8. ఇంకా ఎవరూ చేసి చూపించలేకపోయిన వస్తువులు బల్ల కింద గంపలో ఉన్నాయి. ఒక కొయ్య చక్రం, పళ్ళున్న ఒక ఎముక దువ్వెన లాంటిది, తెరిచినా మూసినా ఒకేలా ఉండే ఒక ఇత్తడి డబ్బా, మరికొన్ని. వీటిని పాత ఇనపసామాను బండికి వెయ్యకూడదు. మా అబ్బాయికి ప్రత్యేకంగా చెబుతున్నాను. నువ్వు ఒకసారి ఇల్లు సర్దుతూ నా గంప మొత్తం బండివాడికేసి ఉల్లిపాయలు తీసుకున్నావు. నేను జగ్గయ్యపేట దాకా ఆ బండి వెనక నడిచి తెచ్చుకున్నాను. ఉల్లిపాయలు మాత్రం మంచివే.

9. ఇప్పుడు చెప్పాలి.

రేకు పెట్టెలో వస్తువులు అయిపోయాయని నాకు తెలీదు. ఒక ఆదివారం దేవమణి గారు ఎప్పట్లాగే కాగితం పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టారు. విప్పితే కవ్వం. మజ్జిగ చిలికే మామూలు కవ్వం. బెంచీ మీద ఎవరూ కదల్లేదు. నేను రెండో కట్టుబాటు ప్రకారం, ఆవిడకి ఇది కొత్తేమో అనుకున్నాను. టీచరు కదా, పొద్దున్నే బడికెళ్ళే మనిషి, ఇంట్లో ఇంకెవరైనా చిలికేవారేమో అనుకున్నాను. కుండ ఉందనుకుని ముందు కూర్చున్నాను. స్తంభానికి తాడు కట్టినట్టు కట్టి, ఒకసారి ఈ చెయ్యి, ఒకసారి ఆ చెయ్యి లాగుతూ చిలికాను. వెన్న వచ్చిందాకా చిలికి, వెన్న తీసి చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసి, "అలాగా అండి" అన్నారు. కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

తరవాత వారం జంతికల గొట్టం. పిండి పెట్టాను, నొక్కాను, నూనెలో తిప్పాను. "అలాగా అండి."

ఆ తరవాత వారం అట్లకాడ. నేను అట్టు పోసి, అంచు లేపి, తిరగేసి, రెండో పక్క కాల్చి, పళ్ళెంలో వేసి ఆవిడ ముందు పెట్టినట్టు చూపించాను. ఆవిడ ముక్క తుంచి తిన్నట్టు చేశారు. ఆవిడ వెళ్ళగానే పుల్లయ్య నన్ను పక్కకి పిలిచి, "ఒరే రాఘవా, అట్లకాడ అంటే ఏంటో తెలియని ఆడమనిషి ఈ తాలూకాలో ఉందంట్రా?" అన్నాడు.

నేను ఆ వారమంతా ఆలోచించాను. రూబెన్ పదో నంబరు పాన అడిగితే పన్నెండు ఇచ్చాను.

మళ్ళీ ఆదివారం ఆవిడ వచ్చేసరికి బల్ల మీద నేనే ఒక వస్తువు పెట్టి ఉంచాను. మా ఇంట్లోని ఇత్తడి కాఫీ ఫిల్టరు. ఇది తెలియనివాళ్ళెవరూ లేరు. ఆవిడ దానివైపు కాసేపు చూశారు. పొడి వేశారు, నీళ్ళు పోశారు, మూత పెట్టి కాసేపు ఆగారు. దిగిందా లేదా అని మూత తీసి వాసన చూశారు. పాలు కలిపి రెండు గ్లాసుల్లో పోశారు. ఒకటి నా వైపు జరిపారు. చేతిలో ఏమీ లేదు. అయినా నేను తాగాను. "చక్కెర సరిపోయిందాండీ?" అని అడిగారు. నేను తలూపాను. కట్టుబాటు ప్రకారం అక్కడ మాట్లాడింది ఆవిడ కనక టీ ఆవిడే పోయాలి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ రోజునుంచి ఆదివారం కాస్త పొద్దెక్కేసరికి పుల్లయ్యకి ఏదో పని గుర్తొస్తోంది, బెంచీ ఖాళీ అవుతోంది.

అప్పటినుంచి చెప్పాలనుకుంటున్నాను. ఇనపదైతే చేసి చూపించేవాణ్ణి. ఇది చేతులతో చూపించే పని కాదు. ఆవిడ గొడుగు పెట్టుకోవడానికి గోడకి ఒక చిలక్కొయ్య కొట్టాను. ఆవిడ గొడుగు తగిలించుకున్నారు గాని అది ఎప్పుడొచ్చిందని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఆవిడది చర్చి, నాది షెడ్డు. ఊరివాళ్ళు ఏమంటారో నేను ఆలోచించకపోలేదు. ఉదయభాస్కర్, నీకు ఇది ఇబ్బందిగా ఉండొచ్చు. మీ ఆవిడని అడుగు, నీకు సర్దిచెబుతుంది.

కనక నా తదనంతరం షెడ్డు వెనక భాగం, బల్ల, బెంచీ, చిలక్కొయ్య, గంపతో సహా దేవమణి గారికి చెందాలి. వాటితోపాటు ఆవిడకి అందాల్సిన మాట ఇది: టీచరు గారూ, వారానికి ఆదివారం ఒక్కటే ఉండడం నాకు చాలడం లేదు. మిగతా రోజులు కూడా మీరు ఈ ఇంట్లోనే ఉంటే బావుండునని అనుకునేవాణ్ణి. జగ్గయ్యపేట రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి కాగితాలు కూడా రాస్తారని ఆశీర్వాదం గారిని, వేరే ఎవరి గురించో అడిగినట్టు అడిగి తెలుసుకున్నాను.

10. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా కోడలు రాగసుధది. మా అబ్బాయి మంచివాడే. ఉల్లిపాయల సంగతి మాత్రం నేను మర్చిపోలేదు.

సంతకాలకి ముందు, ఈ రోజే, ఇదే బల్ల మీద అదనంగా రాస్తున్నది:

పైదంతా రాసి మడిచి ఉంచాను. ఆశీర్వాదం గారు జగ్గయ్యపేట నుంచి వచ్చారు. బ్రాంచి పోస్టుమాస్టరు కృపారావు, పుల్లయ్య సాక్షులు. పుల్లయ్య కలం తీసుకోగానే ఆశీర్వాదం గారు, "ఇందులో ఏదైనా పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదండి, రేపు పేచీ లేకుండా ఉంటుంది" అన్నారు. కప్పు సంగతి ముందే తెలిసిన పుల్లయ్య, "నాకు కప్పు కావాలా సంతకం కావాలా అంటే నాకు కప్పే కావాలయ్యా" అని కలం కింద పెట్టేశాడు.

ఆదివారం కనక దేవమణి గారు ఉన్నారు. నేను వద్దనేలోపే ఆశీర్వాదం గారు, "టీచరు గారు పెడితే గౌరవంగా ఉంటుంది" అని కాగితాలు ఆవిడ చేతిలో పెట్టారు. సాక్షులు లోపల చదవక్కర్లేదని కూడా చెప్పారు. ఆవిడ, "చదవకుండా సంతకం పెట్టొద్దని పిల్లలకి జీవితమంతా చెప్పానండి, ఇప్పుడు నేనెలా పెడతాను?" అని కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. నేను ఇంజన్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆ ఇంజన్‌కి రిపేరేం లేదు.

జడ్డిగం దగ్గర నవ్వారు. పున్నమ్మ దగ్గర గట్టిగా నవ్వారు. తొమ్మిదో అంశం దగ్గరికొచ్చాక కాగితం తిప్పలేదు. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివారు. చదివి, "వీరరాఘవయ్య గారూ, ఇలా రండి" అన్నారు. వెళ్ళాను. "ఈ తొమ్మిదోది కొట్టెయ్యండి" అన్నారు.

బెంచీ మీద అందరూ నేల చూశారు. నేను కలం తీసుకుని మొదటి లైను నుంచి చివరిదాకా అడ్డంగా గీత గీశాను. గీత తిన్నగా రాలేదు. కొట్టివేతకి కారణం రాసి పొట్టి సంతకం పెట్టాలని ఆశీర్వాదం గారన్నారు. నాకు కారణం తెలీదు. ఆవిడ వైపు చూశాను.

"ఇది మీరు పోయాక నేను చదవాల్సిన మాటా అండి? అప్పుడు జవాబు ఎవరికి చెప్పను? ఈ బల్లకా?" అన్నారు.

కనక కారణం రాస్తున్నాను: తొమ్మిదో అంశం విషయంలో నా మరణం దాకా ఆగాల్సిన పని లేదని తేలినందువల్ల దాన్ని కొట్టివేయడమైనది. అందులోని వస్తువుల సంగతి బతికుండగానే చూసుకుంటాను.

ఆశీర్వాదం గారు పనిమీద ఉన్న మనిషి. ఆయన కలం ఆవిడ చేతికిచ్చి, "ఇప్పుడు మీ పేరున ఏమీ లేదు కనక మీరు నిక్షేపంగా సాక్షి సంతకం పెట్టొచ్చండి" అన్నారు. ఆవిడ కలం మూత తీశారు. సంతకం పెట్టాల్సిన చోటు చూసుకున్నారు. ఆగి, "ఇంటివాళ్ళు సాక్షి సంతకం పెట్టొచ్చాండీ?" అని అడిగారు.

"ఇంటివాళ్ళు కాకుండా బయటివాళ్ళయితేనే మంచిదండి" అన్నారు ఆశీర్వాదం గారు.

ఆవిడ కలానికి మూత పెట్టి ఆయన చేతికిచ్చేశారు.

అందువల్ల రెండో సాక్షి కోసం కుటుంబరావుని హోటల్లోంచి పిలిపించడమైనది.

చిల్లకల్లు,
2004 నవంబరు 14, ఆదివారం

(సంతకం)
గుడిమెట్ల వీరరాఘవయ్య

సాక్షులు:
1. కృపారావు, బ్రాంచి పోస్టుమాస్టరు, చిల్లకల్లు
2. కుటుంబరావు, టీ హోటలు, చిల్లకల్లు